డ్రైవ్ కనబడని మధ్యాహ్నం

మా స్టూడియో సత్తెనపల్లిలో, బస్టాండు దాటాక వచ్చే సందులో ఉంది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకి తిరుగుతాడు, నేను షాపులో కూర్చుని ఆ వీడియోల మిక్సింగ్ చేస్తాను. ఎండాకాలం ముహూర్తాలు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట వీధంతా కళ్లు మూసుకున్నట్టుంటుంది. మిర్చి బస్తాల లారీ ఏదైనా పోతే ఆ ఘాటు లోపలికొచ్చి, ఫ్యాన్ గాలిలో కాసేపు తిరిగి, ఎటో వెళ్లిపోతుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చెంగులో చుట్టుకొచ్చిన డీవీడీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఆడించే మిషను మీ దగ్గరే ఉందన్నారమ్మా."

"ఉందండి పిన్నిగారూ, కూర్చోండి."

వాళ్లది తుళ్లూరు పక్క ఊరు. పొలం రాజధానికి ఇచ్చేశాక ఆవిడా, భర్తా ఈ ఊళ్లోనే కూతురింటికి దగ్గరగా ఇల్లు తీసుకున్నారు. డిస్కులో ఉన్నది ఆ కూతురి పెళ్లి. ఇంటి ముందు చోటు చాలక పందిరి పొలంలోనే వేశారట.

"పెళ్లి చూద్దామని కాదులే," అంది ఆవిడ. "పడుకోగానే రోజూ మా పొలానికి పోతాను, మనసులోనే. డొంక దిగి, కాలవ దాటి, మిరపతోట గట్టెక్కి మోటారు గది దాకా నడుస్తాను. ఆ నడకలోనే నిద్ర పట్టేసేది. ఈ మధ్య ఆ గది దాటాక ఏముందో గుర్తు రావట్లా. అక్కడే నిలబడిపోతున్నాను. మా ఆయన్ని అడిగితే, ఏముంటుందే, పొలమేగా అంటాడు."

ఇప్పుడు అక్కడేముందని నేను అడగలేదు. ఆ దారిన వెళ్లేటప్పుడు బస్సులోంచి నేనూ చూస్తూనే ఉంటాను, వెడల్పాటి రోడ్లు, క్రేన్లు.

డిస్కు పెట్టాను. ట్రే బాగానే లోపలికి వెళ్లింది, లైటూ వెలిగింది. కానీ కాపీ చేసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే డీవీడీ డ్రైవ్ ఏదీ లేదంది. మై కంప్యూటర్‌లోనూ డ్రైవ్ బొమ్మ లేదు. కళ్ల ముందే ఉన్నదాన్ని పట్టుకుని లేదంటుంటే నాకు వింతగా అనిపించింది.

"పాడైపోయిందా అమ్మా?" అంది ఆవిడ.

"డిస్కు కాదండి. మా కంప్యూటరే డ్రైవ్‌ని గుర్తుపట్టట్లేదు."

"దానికీ గుర్తు రావట్లేదా," అని మెల్లగా నవ్వింది.

కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, మారలేదు. డివైస్ మేనేజర్‌లో చూస్తే డ్రైవ్ పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు. దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఎక్కలేదని రాసి ఉంది. డ్రైవ్ పేరుని అక్కణ్ణించి తీసేసి, కంప్యూటర్ ఆపి తిరిగి ఆన్ చేశాను. విండోస్ మళ్లీ తనే డ్రైవర్ ఎక్కించుకుంది, పసుపు గుర్తూ మళ్లీ వచ్చి కూర్చుంది.

మా పాత కంప్యూటర్ లేవడానికి చాలాసేపు తీసుకుంటుంది. ఆ సేపంతా ఆవిడ పొలం గురించి చెప్తూనే ఉంది. మంచు ఆరకముందే పత్తి తీయడానికి వెళ్తే ఒళ్లోని పత్తి తడిసి బరువెక్కేదట. మిరపపళ్లు ఆరబోసిన కళ్లం పక్కన పడుకుంటే కళ్లు మూసుకున్నా ఎర్రగానే ఉండేదట. వింటూ వింటూ తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కల్ని చూస్తుంటే, నేను షాపులో ఉన్నానో గట్టు మీద ఉన్నానో కాసేపు తెలియలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు నెల డిస్కులు రాసే పాత సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కర్లేదని తీసేశాను. అలాంటివి పోతూ పోతూ, విండోస్ తన లెక్కలన్నీ రాసుకునే రిజిస్ట్రీలో తమ తాలూకు ముక్కలు వదిలేస్తాయి. విండోస్ డ్రైవ్‌ని పిలిచినప్పుడల్లా వెళ్లిపోయినవాటి కోసం వెతుక్కుని అక్కడే ఆగిపోతుంది. ముందు రిజిస్ట్రీకి ఒక కాపీ తీసి పెట్టుకున్నాను. తర్వాత డ్రైవ్‌ల విభాగంలోకి వెళ్తే అది వదిలేసిన ముక్కలు, అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ రెండూ ఉన్నాయి. తీసేసి కంప్యూటర్ మళ్లీ వేశాను.

ఈసారి డ్రైవ్ బొమ్మ వచ్చింది. డిస్కు సన్నగా రొద చేస్తూ తిరిగింది.

పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ, వడ్డనల్నీ ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. అప్పగింతలు ఆలస్యమైనట్టున్నాయి, కెమెరామెన్ తోచక తోటవైపు తిప్పాడు. మిరపచెట్లు, గట్టు, సున్నం వేసిన మోటారు గది. కెమెరా మెల్లగా ఆ గదిని దాటింది.

"ఆపమ్మా."

ఆపాను. గది వెనక నిమ్మచెట్టు, కొమ్మకి పాత చీరతో కట్టిన ఉయ్యాల. దాని పక్కన ఒక ముసలావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"మా అత్త," అంది ఆవిడ. కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని మళ్లీ అంది, "కూలికొచ్చినవాళ్ల పిల్లల్ని అందులో పడుకోబెట్టి ఊపుతుండేది. నిమ్మచెట్టు ఎట్లా మరిచిపోయానో చూడు."

ఆ బొమ్మని అలాగే తెర మీద ఉంచి, వేరే కంప్యూటర్‌లో ఆల్బం పని చూసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి తిరిగి చూస్తే ఆవిడ కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి నిద్రపోతోంది. చేతివేళ్లు ఒళ్లో వదులుగా ఉన్నాయి. లేపబుద్ధి కాలేదు. చప్పుడు చేయకుండా ఆ వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

ఎండ గడప దిగేవేళకి లేచింది. ముఖం తుడుచుకుని, పెన్‌డ్రైవ్ చెంగున ముడేసుకుంది.

"నిద్రలో ఎక్కడిదాకా పోయారండి?" అని అడిగాను.

"చెట్టు దాటాక జొన్నచేను వచ్చిందమ్మా," అంది చెప్పులు వేసుకుంటూ. "అది మాది కూడా కాదు."