తజిమా ఆవు, కురవి పలుపు

మహబూబాబాద్ నుంచి కురవి వెళ్లే బస్సులో నా పక్కన తండా తాత ఒకాయన కూర్చున్నాడు. అంగడిలో ఆవును అమ్మి వస్తున్నాడట. ఒడిలో మాత్రం దాని పలుపు తాడు చుట్టి పెట్టుకున్నాడు. పశువుల మాట వచ్చింది కదా అని, ఆ మధ్య జపాన్‌లో తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో చూపించాను.

"ఇది తజిమా ఆవు తాతా. తజిమా అంటే అక్కడొక పాత సీమ. ఆ పేరు రాసే రెండు అక్షరాల్లో ఒకదానికి గుర్రం అని అర్థం. ఎందుకో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు."

"పేర్ల గుర్రం ఉంటది, సాదేది ఆవులనా?" తాత నవ్వాడు.

ఒకప్పుడు అక్కడ ఆవును తాముండే ఇంటి కప్పు కిందే కట్టేసేవారనీ, ఇప్పుడు మన వేలిముద్రలాగా దూడ ముక్కు అచ్చు తీసి, తల్లి, అమ్మమ్మల పేర్లతో కాగితం రాస్తారనీ చెప్పాను.

"మరి అమ్మినంక గా కాయితం ఎవరి తాన ఉంటది బిడ్డా?"

"ఆవుతోపాటే కొన్నవాళ్లకు పోతుంది."

"గట్లెట్ల? ఆవును అమ్మినా పలుపు ఇయ్యం మేము. పలుపు ఇంట్ల ఉంటే ఇంకో ఆవు వస్తది. అంతా ఇచ్చేస్తే గా ఇంట్ల ఏం మిగుల్తది?"

తజిమాలో మూడు రోజులున్నాను. ఆవు ఏం తింటుందో, ఎంత తూగుతుందో అడిగాను. దాన్ని అమ్మాక ఆ ఇంటివాళ్లు ఏం దాచుకుంటారో అడగాలని తోచనే లేదు.

కురవిలో తాత పలుపు భుజాన వేసుకుని దిగాడు. వెనకాల ఆవు వస్తున్నట్టే, నెమ్మదిగా నడిచాడు.