పులి వేషం కడిగాక

మా ఆయన జాతరకు పులి వేషం మొక్కుకుని, కట్టకుండానే పోయాడు. ఆ మొక్కు పోయినేడు నేనే తీర్చాను.

రంగులు పూసేవాడు, "ఆడమనిషివి, ఆవు వేషం ఏసుకో అప్పా" అన్నాడు.

"పులే ఎయ్యి" అన్నాను.

విధవ ఎదురొచ్చిందని రోజూ ముఖం తిప్పుకునే పక్కింటావిడ, జాతరలో పులి వేషంలో ఉన్నది నేనని తెలిసే మనవణ్ణి నా చేతికిచ్చింది. "పిల్లోడికి జడుపు పోద్ది, ఓపాలి తల నిమురమ్మా" అంది. వాడు ఏడవలేదు, నా చారలు పట్టుకుని చూశాడు.

మర్నాడు రంగు కడుక్కుని కుళాయి దగ్గరకు వెళ్తే, ఆవిడే నన్ను చూసి, ఖాళీ బిందెతో వెనక్కి తిరిగిపోయింది.

పిల్లాడి తల నిమిరింది ఈ చేతులే. పులినైతే బిడ్డనిచ్చింది, ఉత్త నేనైతే నీళ్లు కూడా పట్టుకోకుండా పోయింది. అప్పట్నించీ అద్దంలో ఈ ముఖం నాదే అనుకోవడానికి మనసొప్పడం లేదు.