పంటులాంటి అంతరిక్ష ఓడ

హైదరాబాదులో ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మా అమ్మాయి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. ఎప్పుడూ కంప్యూటర్లో అంతరిక్షం ఆట ఆడుతూ ఉంటోంది. ఈ సాయంత్రం పక్కన కూర్చుని, నువ్వు నడిపే ఈ ఓడ మన గోదావరి దాటించే పంటులా ఉందేమిటమ్మా అన్నాను.

"ఇది మోటు ఓడలు చేసే కంపెనీదండి నాన్నగారూ. ఆ కంపెనీ ఈ ఆటలోనే ఉందిలెండి, బయట లేదు. వాళ్ళు అందం చూడరు, గట్టితనమే చూస్తారు. నడుపుతారా?" అంది.

నడిపాను. అంతరిక్ష కేంద్రం రేవులో ఆపడానికి సిద్ధమేనా అని ఆటలోని గొంతు ఇంగ్లీషులో అడిగింది. "ఆయ్, సిద్ధమేనండీ" అని జవాబు చెబుతూ ఓడని గోడకి గుద్దేశాను.

ఇంటికొచ్చాక మొదటిసారి అమ్మాయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "దానికేం కాలేదండి, మళ్ళీ తిప్పండి" అంది.

రేపు కూడా ఆడదామంది. ఈ ఆట బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి నాకు నేర్పకండి.