భీమరాజు డెల్టాలోకి దిగిన రోజు

కొత్తపేట వడ్రంగి భీమరాజు చిత్రిక పట్టిన పలక మీద ఈగ వాలితే, జారిపడి కాలు విరగ్గొట్టుకుంటుందని ప్రతీతి. అలా కుంటివైన ఈగలు మూడు ఆయన షెడ్డు వాసం మీద ఇప్పటికీ విశ్రాంతి తీసుకుంటున్నాయట.

అంతటి చెయ్యీ నిరుడు భుజం పట్టేసి మొరాయించింది. మూతపడ్డ మిల్లొకటి అమ్మేస్తుంటే చిత్రిక పట్టే పాత ప్లానర్ మిషను తెచ్చుకున్నాడు. దాని మోటారుకు మూడు ఫేజులు కావాలి, షెడ్డుకున్నది ఒకటే. ఒకదాన్ని మూడు చేసే ఇన్వర్టర్ పెట్టె కొని గోడకు బిగించాడు.

బుధవారం పొద్దున్నే మీట నొక్కితే మిషను తుమ్మెదలా పాడింది. టేకు చెక్క తగలగానే మూలిగి ఆగిపోయింది.

మర్నాడు తొమ్మిదీ ఇరవైకి సత్యనారాయణమ్మగారి కొత్తింటికి గుమ్మం ఎత్తే ముహూర్తం. "సాయంత్రానికి గుమ్మం తయారవ్వకపోతే రావులపాలెం నుంచి రెడీమేడ్‌ది తెప్పించేస్తాను భీమరాజూ, తర్వాత ఏమీ అనుకోకు" అని ఆవిడ ఆ పొద్దున్నే వచ్చి చెప్పేసింది. వీధిలోకి ఒక రెడీమేడ్ గుమ్మం వచ్చిందంటే, ఇక భుజం పడిపోయిన వడ్రంగిని పిలిచేదెవరు?

బ్లేడ్లు నూరాడు. బెల్టు మార్చాడు. పెట్టె మీద వేగం అంకెను యాభై నుంచి అరవైకి పెంచాడు. మిషను గాలిని బ్రహ్మాండంగా కోసింది, చెక్కను మాత్రం గౌరవించి వదిలేసింది.

"ఈగల్ని తోలడానికి పనికొస్తుంది లెండి" అంది భార్య సూర్యకుమారి. "ముందు సాలమోనుకి ఫోన్ చెయ్యండి."

సాలమోను మస్కట్‌లో పదేళ్లు మోటార్లు బాగుచేసి వచ్చినవాడు. సంగతంతా విని ఒకటే అడిగాడు. "అన్నయ్యగారూ, మోటారు డెల్టాలోనే ఉందాండీ?"

"ఆయ్! నడిమధ్యలో ఉందండీ."

"అయితే వైర్లు వదులయ్యేయేమో చూడండి. భోజనం చేసి వస్తాను."

భీమరాజు ఒక్కో వైరూ లాగి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి, ఆయన గుండె తప్ప.

రెండింటికి సాలమోను వచ్చి మోటారు మూత విప్పి, నోరు తెరిచాడు.

"ఇది స్టార్‌లో ఉందండీ! డెల్టా అన్నారు కదండీ!"

"కొత్తపేట గోదావరి డెల్టా కాకపోతే రాయలసీమాండీ?"

సూర్యకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. సాలమోను నెత్తి కొట్టుకున్నాడు.

"స్టార్, డెల్టా అంటే మోటారులో తీగలు కలిపే రెండు పద్ధతులండీ బాబూ! స్టార్‌లో దీనికి నాలుగొందల పదిహేను వోల్టులు కావాలి. మీ పెట్టె ఇచ్చేది రెండొందల ముప్పై. సగం అన్నం పెట్టి మూట మొయ్యమంటే ఎలాగండీ? డెల్టాలో దీనికి ఆ రెండొందల ముప్పయ్యే కడుపునిండా."

కరెంటు తీసి, అడ్డంగా ఉన్న ఇత్తడి పట్టీలను నిలువుగా బిగించాడు. మోటారు రేకు మీది అంకెలు చూసి పెట్టెలో ఎక్కించాడు, అరవైని మళ్లీ యాభైకి దింపాడు. ఈసారి చెక్క తగిలితే మిషను మూలగలేదు. పొట్టు లేచి మోకాళ్ల దాకా వచ్చింది. అటుగా వెళ్తున్న కొబ్బరి లారీ డ్రైవరు కొత్తపేటలో మంచు పడుతోందని ఇంటికి ఫోన్ చేశాడంటారు.

మర్నాడు తొమ్మిదీ ఇరవైకి గుమ్మం నిలబడింది. సత్యనారాయణమ్మగారు పసుపు రాస్తూ, చెయ్యి జారేసరికి నవ్వేసింది.

"ఇంత నున్ననా! నిన్న పొద్దున్న అంత దిగులుగా ఉన్నావేం భీమరాజూ?"

"నిన్న మజ్జాన్నం దాకా స్టార్‌లో ఉన్నానండీ" అన్నాడు భీమరాజు, తలపాగా సర్దుకుంటూ. "తర్వాతే డెల్టాలోకి దిగేను."