తణుకు దాటాక, మునిగిన విల్లాల హోర్డింగ్ దగ్గర

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫోటో వచ్చింది. పొలాల మధ్య ఒక లేఅవుట్ వాళ్ల పెద్ద హోర్డింగ్. అందులోని తెల్లటి విల్లాలకు కిటికీల దాకా ఎవరో బురదనీళ్లు పెయింట్ చేశారు. మూలన చేతులు జోడించి నవ్వుతున్న నాయకుడికి గొంతు దాకా నీళ్లు. ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఏఐ బొమ్మేనని సగం మంది కొట్టిపారేశారు. నాకూ అనుమానమే. మాటల్లేకుండా అంత గట్టిగా ఎలా తిట్టారో కళ్లారా చూడాలని శనివారం ఉదయం ఏడింటికి రాజమండ్రిలో తణుకు బస్సెక్కాను.

రావులపాలెం మీదుగా సుమారు రెండు గంటల ప్రయాణం. ఎక్స్‌ప్రెస్‌లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. తణుకులో ఇడ్లీ తిని, రానూపోనూ నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ సత్తిబాబు గారు నా ఫోన్‌లో ఫోటో చూసి, తర్వాత అద్దంలోంచి నన్ను చూశారు.

"ఎవరి తాలూకా అమ్మా మీరు? కంపెనీ వాళ్లా?"

"స్టూడెంట్‌నండి. ఊరికే చూద్దామని."

"ఊరికే చూడ్డానికి నాలుగొందలు పెడతారేంటండి ఎవరైనా!"

అరగంటకు కాలవగట్టు మలుపులో హోర్డింగ్ కనబడింది. నిజమైనదే. దగ్గరికెళితే కుంచె గీతలు కూడా తెలుస్తున్నాయి. బురదనీళ్ల మీద వరి కట్టలు తేలుతున్నాయి. ప్రతి కట్టకూ ముడి దగ్గర గడ్డికొస ఎడమవైపు మెలి తిరిగి ఉంది. ఎదురుగా టీకొట్టు. రాజమండ్రి నుంచొచ్చానని చెప్పి, అది నడిపే మరియమ్మ గారిని కారణం అడిగాను. చేలల్లో నీళ్లు బయటికి పోయే మురుగుబోదె పూడ్చి లేఅవుట్ వేశారని, తుఫాను వానకు నీళ్లు లాగక పైచేలన్నీ కుళ్లిపోయాయని చెప్పారు. "పనల మీదే మొలకలొచ్చేశాయమ్మా!" కోసి చేలో పరిచిన వరిని పన అంటారట. ఆ మాట నచ్చి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే బెంచీ మీద మాటలన్నీ ఆగిపోయాయి.

"ఏం రాత్తన్నావమ్మా?" అన్నాడొక పెద్దాయన.

"పన అనే మాటండి."

"దానికోసం రాజమండ్రి నుంచొచ్చావా?"

ఎవరూ నవ్వలేదు. వాళ్ల నమ్మకం సంపాదించుకోవాలని నా తెలివి చూపించబోయాను. కొట్టు పక్కనే చర్చి ప్రహరీ. ఏటా జరిగే కోత పండుగ కోసం దాని మీద ఎప్పుడో బొమ్మ వేశారు, బైబిల్లోని గోధుమలకు బదులు మన వరి కట్టలతో. వాటికీ అదే ఎడమ మెలిక. గోడను ఫోటో తీసి, "ఈ రెండూ వేసింది ఒకే చెయ్యి కదండీ!" అన్నాను, అందరికీ వినబడేలా.

బెంచీ చివర టోపీ పెట్టుకున్నాయన తలెత్తాడు. టోపీ మీద లేఅవుట్ పేరుందని అప్పుడు గమనించాను. "థాంక్సమ్మా. కేసు కోసం బోర్డు దించకుండా ఉంచాం గానీ, వేసినోడి ఆనవాలే దొరకలేదు. భోజనాలయ్యాక మా సార్‌ని తీసుకొస్తా" అని బండెక్కి వెళ్లిపోయాడు.

మరియమ్మ గారు చెయ్యి చాపారు. "వాడి మనిషివేగా నువ్వు? ఫోన్‌లోంచి ఆ గోడ ఫోటో తీసెయ్."

తీసేశాను.

"తీసేసింది ఇంకో అరలో దాక్కుంటదంట కదా. అక్కడా తీసెయ్."

అక్కడా తీసేశాను. ఫోన్ లాక్కుని తానే మరోసారి చూసుకున్నారు. తర్వాత నలుగురు ఆడవాళ్లు సున్నం బకెట్లతో వచ్చారు. నేనూ బ్రష్ అందుకోబోతే, "నువ్వు ముట్టుకోకు" అన్నారొకావిడ. "మా పిల్లల పెళ్లి ఫోటోలన్నీ ఈ బొమ్మ ముందే తీయించుకున్నామమ్మా." పన్నెండున్నరకల్లా కట్టలన్నీ తెల్లబడిపోయాయి.

"పోదామాండి?" అన్నారు సత్తిబాబు గారు. పోలేకపోయాను. రెండింటికి సార్ వచ్చి తడి గోడ చూశారు.

"ఏంటిది?"

"కోత పండక్కి సున్నమండి" అన్నారు మరియమ్మ గారు.

"దానికింకా ఆర్నెల్లుందిగా?"

"ముందేసుకుంటే తప్పాండి?"

సార్ నా వైపు తిరిగారు. "నువ్వేదో పోల్చావంట?"

"రెండూ వరే కదాని పొరబడ్డానండి."

ఆయన నమ్మలేదు. మరియమ్మ గారూ నమ్మలేదు. నా టీ డబ్బులు తీసుకుంటూ మొహం కూడా చూడలేదు.

మాటలంటే ఇష్టమని తిరిగే నేను ఆ రోజు ఒక్క మాటతో ఒక ఊరి బొమ్మ చెరిపించాను. ఆ మెలిక ఎవరి చేతిదో నాకు తెలియదు, నేను పోల్చింది తప్పే కావచ్చు. అందుకే ఊరి పేరు రాయడం లేదు. మీరు వెతుక్కుంటూ వెళితే, గట్టు మీద బస్సులుండవు, ఆటోని తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి. టీకొట్టులో ఎంతసేపైనా కూర్చోండి, బెంచీ చివరిదాకా ఎవరెవరున్నారో చూశాకే నోరు విప్పండి.