కొంగుముడితో దిగిన బారాత్

మొన్న సూర్యాపేటలో మా బావమరిది మనవడి బారాత్‌లో వెనక కార్లో కూర్చున్నాం. డీజే పెట్టెల మోతకు మా ఆవిడ చెవుల్లో దూది కుక్కుకుని, నా వైపు చూసి ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వెందుకో నాకు తెలుసు. వింటే మీరూ నవ్వుతారు.

పెళ్లీడు వచ్చేనాటికి నాది మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమాస్తా పని. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడేది, మా నాయనకు అదే గర్వం. నా ప్రాణం మాత్రం కోదాడలో ఉండేది. అక్కడి బ్యాండు మేళం మేస్త్రీ దగ్గర క్లారినెట్ నేర్చుకుని, ఆదివారం వస్తే చాలు బస్సెక్కి పోయి, ఎవరి పెళ్లయినా సరే ముందు నిలబడి ఊదేవాణ్ని. వడ్ల దుమ్ముకు అదే మందని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు.

ఇంతలో మోతెలో సంబంధం కుదిరింది. పిల్ల నాకు తెగ నచ్చింది. మామగారు ఒక్కటే షరతు పెట్టారు: "మిల్లు నౌకరి జూసి పిల్లనిస్తున్న. పెండ్లిళ్లల్ల ఊదుకుంట తిరుగుతనంటె ఇప్పుడే చెప్పు, ఇంకో సంబంధం జూస్కుంట." నేను తలూపి, క్లారినెట్ మేస్త్రీకి అప్పగించి వచ్చాను. ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి.

పెళ్లి పొద్దున అయింది, సాయంత్రం బారాత్. నా మీద అభిమానంతో మేస్త్రీ మేళాన్నంతా వెంటబెట్టుకొచ్చాడు. టాపులేని జీపులో మేమిద్దరం బాసికాలతో, తలనిండా తలంబ్రాలతో కూర్చున్నాం. ముందు నా క్లారినెట్‌నే ఎవరో కొత్తాయన వాయిస్తున్నాడు. వాయించడమా అది! దూడ తప్పిపోయిన బర్రెలా అరిపిస్తున్నాడు. ఒక వీధి ఓర్చుకున్నాను, ఇంకో వీధి పళ్లు బిగబట్టాను. మలుపు దగ్గర పల్లవి ఎత్తుకునే చోట మళ్లీ అపస్వరం పలికేసరికి ఒళ్లు మరచి కిందికి దూకేశాను. కొంగుముడి సంగతి గుర్తుంటేగా! ఆ గుంజుకు నా వెనకే పెళ్లికూతురూ దిగింది. అదృష్టం బాగుండి పడలేదు.

క్లారినెట్ లాక్కుని, బాసికం పైకి నెట్టి, ఊదడం మొదలుపెట్టాను. ఊరంతా ఈలలు వేసింది. పాట ముగిసి కళ్లు తెరిస్తే ఎదురుగా మామగారు, నిప్పులు కక్కుతూ. ఇగ సంసారం మొదలుకాకముందే ఖతం అనుకున్నాను. అంతవరకు తలెత్తని పిల్ల కొంగు సర్దుకుంటూ తండ్రితో అన్నది:

"మిల్లుల బస్తాలు ఎవరన్న లెక్కవెడ్తరు నాయినా. గిట్ల ఊదేటోడు ఏడ దొరుకుతడు? ఊదనియ్యి, నేను నడుస్త."

అన్నట్టే ఇల్లు చేరేదాకా నా పక్కనే నడిచింది. ఖాళీ జీపులో మామగారే ముఖం ముడుచుకుని కూర్చుని వచ్చారు.

కొన్నాళ్లకే మిల్లు మానేసి కోదాడ చేరాం. మూఢం వస్తే పచ్చిపులుసు, ముహూర్తాలు వస్తే కోడికూర. అన్నేళ్లు ఊదినా ఒక్కనాడూ పనికి పోతున్నట్టు అనిపించలేదు. మిల్లులోనే ఉంటే మేడ కట్టేవాడివని మామగారు చివరిదాకా దెప్పారు గానీ, తన మనవరాలి పెళ్లికి నా మేళమే ఉండాలని పట్టుబట్టిందీ ఆయనే.

డీజే ముందు పిల్లలు చెమటలు కక్కుతూ ఎగురుతుంటే ముచ్చటగానే ఉంది, నేనెందుకు కాదంటాను? అయినా గుండె కలుక్కుమంది. అది కనిపెట్టిందేమో, మా ఆవిడ చెవిలో దూది తీసి, నా కండువా కొసను తన కొంగుకు చుట్టుకుంటూ, "మళ్ల దిగుతవా ఏందయ్యా? చెప్పు, నేనూ దిగుత" అని ఆటపట్టించింది.

దిగుదామనే ఉంది. ఊపిరీ ఇంకా కాస్త మిగిలే ఉంది. కానీ ఆ పెట్టెల్లో నోరుపెట్టి ఊదడానికి చోటేదీ?