ఈ ఫోటో ఎవరిచ్చారు?

వంటింటి గట్టు మీద ఫోన్ బుర్రుమంది. పోపు మాడుతున్నా తీసి చూశాను. అమెరికాలో మేముండే అరోరా ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో మళ్లీ ఒకమ్మాయి పెళ్లి ఫోటో, కింద పగిలిన గుండె బొమ్మలు. ఎవడో భర్త చెయ్యి చేసుకుని ఉంటాడు. ఇలాంటివి చూస్తే నాకు జాలి కంటే ముందు అనుమానం వస్తుంది. ఈ ఫోటో ఎవరిచ్చారు, ఆమెను అడిగారా అని. ఇది వసుంధర ఆంటీ నాకు అంటించి పోయిన జబ్బు.

ఆంటీ మా పక్కింట్లో ఉండేవారు. రిటైరైన మత్తు డాక్టరు. పాశ్చరైజ్ చేసిన పాలైనా సరే, తన చేత్తో కాస్తే తప్ప తాగేవారు కాదు. మనుషుల విషయంలోనూ అంతే.

మా వీధి చివర ఉండే స్వప్నను భర్త చెయ్యి విరిగేలా కొట్టినప్పుడు, ఆస్పత్రి నుంచి ఆంటీ తన ఇంటికే తీసుకొచ్చారు. మర్నాటికి గ్రూపంతా స్వప్నే. ఎవరో ఆమె పెళ్లి ఫోటోలోంచి భర్తను కత్తిరించి పెట్టారు. భుజం మీద అతని వేళ్లు మాత్రం మిగిలిపోయాయి. బంగారుతల్లి అన్నారు, సీత కష్టాలన్నారు. మధ్యాహ్నానికి ఆమె డాన్స్ చేసిన రీల్ ఒకటి తవ్వి తీశారు. "ఇంత జాలీగా ఉందే, నిజంగానే కొట్టాడంటారా?" అని మొదలుపెట్టారు. పొద్దున దేవత, మధ్యాహ్నానికి దోషి. నాకు ఒళ్లు మండిపోయింది.

"తిట్టేవాళ్లను వదిలెయ్యవే. పొగిడేవాళ్లు ఏం రాశారో చదువు," అన్నారు ఆంటీ.

చదివాను. పాపం స్వప్నకి ఫుడ్ డ్రాప్ చేసేవాళ్లు వసుంధర ఆంటీ ఇంటికి వెళ్లండి అని ఓ పుణ్యాత్మురాలు ఇంటి నంబరుతో సహా పెట్టింది. ఎవరింట్లో పురుడొచ్చినా, జబ్బుచేసినా వంతులేసుకుని క్యారేజీలు పంపడం మావాళ్లకు అలవాటు.

"గ్రూప్‌లో దాని మొగుడు లేడూ?" అన్నారు ఆంటీ.

ఉన్నాడు. బెయిల్ మీద బయటికొచ్చాడని కూడా అందులోనే రాశారు. ఆంటీ అడ్మిన్‌కి ఫోన్ చేస్తే, "అందరూ సపోర్ట్ చేస్తున్నారు కదండీ, డిలీట్ చేస్తే బాగోదు," అన్నాడాయన. ఆంటీ ఫోన్ పెట్టేశారు. పోలీసులకు చెప్పి, వేరే చోటికి తీసుకెళ్లడానికి స్వప్నను కార్లో కూర్చోబెట్టారు.

"ఆ ఫోటో మా అమ్మ చూస్తుందేమో అక్కా," అంది స్వప్న నాతో. ఆమె నాతో అన్న చివరి మాట అదే. సాయంత్రం ఆమె భర్త కారు మా వీధిలో నెమ్మదిగా తిరగడం కిటికీలోంచి చూశాను.

తర్వాత స్వప్న ఎక్కడుందని ఆంటీని అడిగాను.

"నీకెందుకే? ఎవరో జాలిపడి అడుగుతారు, నువ్వూ జాలిపడి చెప్తావు."

నన్నూ ఆ గుంపులోనే కలిపేశారని ఉక్రోషమొచ్చింది. కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. స్వప్న ఎక్కడుందో చెప్పకుండానే ఆంటీ పోయారు.

మొన్న గుడిలో ఒకావిడ, "పాపం, ఆ స్వప్న ఇప్పుడెక్కడుందండీ?" అంది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కానీ ఆ పిల్ల క్షేమంగా ఉందని నాకు గట్టి నమ్మకం. ఆంటీ నన్ను కూడా నమ్మలేదు కదా.